విమానంలో కలిసిన పెద్దావిడకి ఫోన్ చెయ్యాలా?

ప్రశ్న:

నమస్తే అమ్మా. నా వయసు 34. మాది ఖమ్మం. పెళ్లయినప్పటి నుంచి డాలస్ దగ్గర ఇర్వింగ్‌లో ఉంటున్నాం. వీసా స్టాంపింగ్ టెన్షన్‌తో నాలుగేళ్లు ఇంటికి రాలేకపోయాను. ఈ సంక్రాంతికి మా వారికి సెలవు దొరకలేదు. మూడేళ్ల బాబుని వెంటబెట్టుకుని నేనొక్కదాన్నే బయల్దేరాను. డాలస్ నుంచి దోహా, అక్కడి నుంచి హైదరాబాద్.

నా పక్క సీటులో తెనాలి పెద్దావిడ కూర్చున్నారు. 65 ఏళ్లుంటాయి. ఫ్రిస్కోలో కొడుకు ఇంట్లో దాదాపు ఆరు నెలలు ఉండి వెళ్తున్నారు. "ఏ ఊరమ్మా మీది?" అని ఆవిడే మొదలుపెట్టారు. దోహా వచ్చేదాకా 14 గంటలు, మధ్యలో కునుకు తీసిన కాసేపు తప్ప మాట్లాడుతూనే ఉన్నాం. మా వాడికి సున్నుండ చిదిపి పెట్టారు. వాడు ఆవిడ ఒళ్లోనే నిద్రపోయాడు. లైట్లు ఆర్పేశాక ఆవిడ, "ఇంట్లో నలుగురం ఉన్నాం, మాట్లాడేవాళ్లు లేరు. మళ్లీ వెళ్లను తల్లీ" అని ఏడ్చారు. నాకూ ఏమైందో తెలీదు, కిందటేడు మూడో నెలలో నాకు గర్భం పోయిన సంగతి చెప్పేశాను. అది మా అమ్మకి కూడా తెలియదు.

దోహాలో జగిత్యాల వైపు తమ్ముడొకడు కలిశాడు. రెండో విమానంలో ఆవిడకీ నాకూ సీట్లు దూరంగా పడితే, "మీరు ఒక్కతాన కూసోండి అక్కా" అని తన సీటు ఇచ్చేశాడు. మూడేళ్ల తర్వాత ఇంటికి వెళ్తున్నాడట. కూతుర్ని ఫోన్లో తప్ప చూడలేదట. మా బ్యాగులన్నీ తనే దించాడు. శంషాబాద్‌లో బయటికి రాగానే మా అన్నయ్య ట్రాలీ అందుకున్నాడు. ఆవిడని వాళ్లవాళ్లు తీసుకెళ్లిపోయారు. ఆ తమ్ముడు ఎటు వెళ్లాడో చూడనే లేదు. వెళ్లొస్తానని కూడా చెప్పుకోలేదు.

12 రోజులైంది. ఆవిడ నంబరు నా దగ్గర, నా నంబరు ఆవిడ దగ్గర ఉన్నాయి. ఆవిడ చెయ్యలేదు. నాకు చెయ్యాలని ఉంది, అంతా చెప్పేసుకున్నానని సిగ్గుగానూ ఉంది. మా వారేమో "విమానం పరిచయం విమానంతోనే సరి" అంటున్నారు. ఆవిడ కొడుకు ఇల్లు మాకు అరగంట దూరం. వాళ్లమ్మ బాధ ఆయనకి చెప్పాలా? ఫిబ్రవరి రెండో వారంలో నా తిరుగు ప్రయాణం. ఈసారి ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చోవడం మేలా?

- పేరు వద్దు, ప్రస్తుతం ఖమ్మం

సమాధానం:

ముందు ఒక పని చెయ్యండమ్మా. మీరు ఆవిడకి ఏ నంబరు ఇచ్చారో గుర్తు తెచ్చుకోండి. విమానంలో ఇచ్చారు కాబట్టి డాలస్ నంబరే అయ్యుంటుంది. ఇప్పుడు ఖమ్మంలో మీ ఫోన్లో ఏ సిమ్ ఉంది? దిగగానే మీ అన్నయ్య ఇక్కడి సిమ్ వేసి ఇచ్చి ఉంటారు, అందరిళ్లలో జరిగేది అదే. తెనాలిలో కూర్చుని ప్లస్ 1తో మొదలయ్యే నంబరుకి ఫోన్ చేస్తే బోలెడు డబ్బులు పోతాయని ఆవిడ భయపడి ఉండొచ్చు. ధైర్యం చేసి నొక్కినా మీ దగ్గర మోగి ఉండకపోవచ్చు. ఆవిడ మీకిచ్చిన నంబరు కూడా చూడండి. ప్లస్ 91 అయితే సరే. కొడుకు తీసిచ్చిన అమెరికా నంబరైతే ఈపాటికి దాన్ని ఆపేయించి ఉంటారు. అయినా వాట్సాప్ చాలామందికి పాత నంబరు మీదే నడుస్తూ ఉంటుంది, ఒక మెసేజ్ పెట్టి చూడొచ్చు. 12 రోజుల మౌనానికి మనసులో నూట పదహారు కారణాలు అల్లుకునే ముందు ఇది చూసుకోవాలి.

ఇక ఆవిడ ఇంటికి వెళ్లాక ఎలా ఉండి ఉంటుందో ఆలోచించండి. ఆరు నెలలు తాళం పెట్టిన ఇల్లు. బూజులు దులపాలి, ట్యాంకు కడిగించాలి, కరెంటు బిల్లు బాకీ ఉంటుంది, సిలిండర్ బుక్ చెయ్యాలి. పగలు నిద్ర ముంచుకొస్తుంది, రాత్రి రెండింటికి మెలకువ. ఈలోగా పండగ. అమెరికా విశేషాలు అడగడానికి వచ్చిపోయేవాళ్లు. ఇవన్నీ ఒక కొలిక్కి వచ్చాక కూడా, "నాలుగేళ్ల తర్వాత పుట్టింటికొచ్చిన పిల్ల, తల్లి దగ్గర ఉండనిద్దాం" అనుకునే తరం ఆవిడది.

సిగ్గు సంగతి కూడా ఆలోచించండి. అంతా చెప్పేసుకున్నది మీరొక్కరే కాదు కదా. మీరు ఖమ్మంలో ఏమనుకుంటున్నారో ఆవిడ తెనాలిలో అచ్చం అదే అనుకుంటూ ఉండొచ్చు: ఆ పిల్లతో అంతంత చెప్పేశానే, ఏమనుకుందో ఏమో అని. 2018లో వెలువడిన ఒక అధ్యయనంలో ముక్కూమొహం తెలియనివాళ్లని ఇద్దరిద్దరిగా కూర్చోబెట్టి మాట్లాడించారు. తర్వాత విడివిడిగా అడిగారు: ఎదుటి మనిషి మీకెంత నచ్చారు, మీరు వాళ్లకి ఎంత నచ్చారనుకుంటున్నారు అని. ఎదుటివాళ్లకి తాము నిజంగా నచ్చినదానికన్నా తక్కువే నచ్చామని చాలామంది అనుకున్నారట. ఆ లెక్కన మీ ఇద్దరూ ఒకరినొకరు తక్కువ అంచనా వేసుకుని కూర్చున్నారు.

కాబట్టి చెయ్యండి. ఈ వారంలోనే.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 2012లో మా అమ్మాయి పురిటికి న్యూజెర్సీ వెళ్లి తిరిగొస్తున్నాను. మాది నెల్లూరు, అందుకని దుబాయిలో విమానం మారి చెన్నైకి. నా పక్కన రాజంపేట వైపు ఆమె కూర్చుంది. కువైట్‌లో ఇళ్లల్లో పని చేసి ఆరేళ్ల తర్వాత ఊరికి వెళ్తోంది. అప్పట్లో దిగే ముందు మనవాళ్లు కూడా ఒక కార్డు నింపాలి. 2014లో తీసేశారు. ఆమె తన కార్డూ, ప్లాస్టిక్ కవర్లో చుట్టిన పాస్‌పోర్టూ నా చేతిలో పెట్టి "నువ్వు రాయమ్మా" అంది. పేరు రాశాను, పాస్‌పోర్టు నంబరు రాశాను. ఇండియాలో చిరునామా అన్న గడి దగ్గరికొచ్చాను. పాస్‌పోర్టులో ఉన్నది రాయబోతే, "ఆ ఇల్లు పడగొట్టేసినారమ్మా, నేను పంపిన లెక్కతో కొత్తది కట్టినారు" అంది. డోర్ నంబరెంత అని అడిగాను. "నేనింకా సూడ్లేదు గదమ్మా" అంది.

ఆ గడిలో ఊరి పేరు మాత్రం రాశాను. ఆమె ఫోన్ తీసి ఇంటి ఫొటో చూపించింది. గేటుకి నీలం రంగు. ఇంకా ఎండని సిమెంటు మెట్ల మీద ఎవరో పిల్లవాడి కాలి ముద్ర. అది తన చిన్నకొడుకుదే అయ్యుంటుందని ఆమె ఫొటోని వేళ్లతో పెద్దది చేసి చేసి చూసింది. నాలుగు గంటలూ ఆ ఇంటి గురించే మాట్లాడుకున్నాం. దేవుడి గది ఎటు ఉంది, వంటింటికి కిటికీ పెట్టారా లేదా. దిగేటప్పుడు నా చెయ్యి పట్టుకుని "ఇంటికి రామ్మా" అంది. ఫోన్ చేస్తానన్నాను, నంబరు డైరీలో రాసుకున్నాను.

చేసింది ఎనిమిది నెలల తర్వాత. ఒక అబ్బాయి ఎత్తాడు. "అమ్మ కువైట్ పోయిందే. మీరెవురు?" అన్నాడు. నాకు మాట రాలేదు. చుట్టాన్ని కాను, ఊరిదాన్ని కాను. స్నేహితురాలినని అనడానికి నాకు నోరు రాలేదు, ఎనిమిది నెలలు పలకరించని మనిషిని ఆ మాట ఎలా అంటాను? "తెలిసినావిడని" అని పెట్టేశాను. ఆమె ఊళ్లో మూడు నెలలు ఉందట. ఆ మూడు నెలలూ నేను నెల్లూరులోనే ఉన్నాను, మూడు నాలుగు గంటల బస్సు ప్రయాణం. ఆ ఇల్లు నేను చూడలేదు.

మీ వారు అన్నదాన్ని నేను కొట్టిపారేయను. రైలు స్నేహం అని మన పెద్దవాళ్లూ అనేవారు, దిగే స్టేషన్‌ దాకానే అని. ఆ మాటలో కొంత నిజం ఉంది. కాన్సస్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ హాల్ అనే ఆచార్యుడు పరిచయస్థులు స్నేహితులు కావడానికి ఎంత సమయం పడుతుందో లెక్కగట్టి 2018లో ప్రచురించాడు. మామూలు స్నేహానికి దగ్గర దగ్గర 50 గంటలు కలిసి గడపాలట, దగ్గరి స్నేహానికి 200 గంటల పైన. మీరు డాలస్‌లో ఎక్కి శంషాబాద్‌లో దిగేవరకు, దోహాలో వేచి ఉన్నది కలుపుకున్నా, నిద్ర తీసేస్తే 20 గంటలు ఉంటుందా? అంటే మీ వారు చెప్పినట్టు అది ఇంకా స్నేహం కాలేదు. సగానికి దగ్గర దూరం మాత్రం ఒక్క రోజులో నడిచేశారు. మిగతాది ఇద్దరూ కాస్త కాస్తగా నడవాల్సిందే, ఆ రాత్రి దానంతటదే స్నేహంగా మారదు. ఫోన్ చేసినప్పుడు ఆ రాత్రి మాట్లాడుకున్నంత లోతుగా మాట్లాడుకుంటారని ఆశ పెట్టుకోకండి. మొదటిసారి పొడిపొడిగానే సాగుతుంది. బాబు ఎలా ఉన్నాడు, మోకాళ్లు ఎలా ఉన్నాయి, ఎండ అప్పుడే మొదలైంది... అంతే. దానికి నొచ్చుకోకండి.

అమ్మకి చెప్పని సంగతి ఆవిడకి ఎందుకు చెప్పానా అని మీరు మథనపడుతున్నారు. అపరిచితుల దగ్గర మనుషులు తమ గుట్టు విప్పుతారని, అయినవాళ్ల దగ్గర దాచింది కూడా చెప్పుకుంటారని జార్జ్ సిమ్మెల్ అనే జర్మన్ సామాజికవేత్త 1908లోనే రాశాడు. కారణం మీకు తెలిసిందే. అమ్మకి చెబితే అమ్మ కుంగిపోతుంది, అప్పుడు అమ్మని మీరు ఓదార్చాలి. రోజూ వీడియో కాల్లో ఆరోగ్యం గురించి పది ప్రశ్నలు వస్తాయి. పిన్నికీ అత్తకీ తెలుస్తుంది. ఆ పెద్దావిడకి చెబితే ఇవేవీ లేవు. ఆవిడ వింది, చెయ్యి పట్టుకుని ఉంటుంది, మీ బాబుని ఒళ్లో సర్దుకుని ఉంటుంది. మీకు అప్పుడు కావలసింది అంతే. అందులో తప్పేం లేదు, సిగ్గుపడాల్సిందీ లేదు.

ఇంకొక్క మాట, మీరు అడగకపోయినా. తెలిసిన గర్భాల్లో నూటికి 10 నుంచి 20 దాకా నిలవవు. అందులో ఎక్కువ మొదటి మూడు నెలల్లోనే పోతాయి. వాటిలో సుమారు సగానికి కారణం పిండంలో క్రోమోజోముల లెక్క సరిగా కుదరకపోవడం. ఆఫీసుకి వెళ్లినందుకో, బాబుని ఎత్తుకుని తిరిగినందుకో అలా జరిగిందని మీరు లోలోపల అనుకుంటూ ఉంటే, అది మీ డాక్టరుని సూటిగా అడిగి వదిలించుకోండి. ఏడాదిగా ఈ బరువు మీరొక్కరే మోస్తున్నారు. మీ వారికి తెలుసనే అనుకుంటున్నాను, కానీ మగవాళ్లు ఈ దుఃఖాన్ని మాట్లాడకుండా దాటేస్తారు, వాళ్లకి బాధ లేక కాదు. విమానంలో ఒకసారి నోరు తెరిచి చెప్పగలిగారు. గొంతు పూడుకుపోయినా చివరిదాకా చెప్పారు. ఇప్పుడు మీరు అమ్మ పక్కనే ఉన్నారు. వంటింట్లో ఇద్దరే ఉన్నప్పుడు, కూర తరుగుతూ, మొహం చూడకుండానైనా చెప్పొచ్చు. చెప్పి తీరాలని నేను అనను, మీ అమ్మ ఎలాంటి మనిషో మీకు తెలుసు. కానీ ఒక చిక్కుంది, అది తర్వాత చెబుతాను.

కొడుకు విషయంలో మాత్రం నా మాట ఒక్కటే: చెప్పకండి. ఏ రూపంలోనూ చెప్పకండి. "మీ అమ్మగారు నాతో ప్రయాణం చేశారు, చాలా మంచావిడ" అని పలకరించబోయినా, "ఏమైనా అన్నారా?" అని ఆయన అడిగితే మీ మొహం దాస్తుందా? ఆవిడ చీకట్లో, భూమికి అంత ఎత్తున, రేపు ఇంటికి చేరతాననే ధైర్యంతో అన్న మాట అది. "మళ్లీ వెళ్లను" అన్నారు, కానీ మనవడు జ్వరమంటే మర్నాడే టికెట్ బుక్ చెయ్యమంటారు. కొడుకు చెడ్డవాడని మీరు గానీ నేను గానీ అనుకోనక్కర్లేదు. ఆ ఊళ్ల సంగతి మీకు నాకన్నా బాగా తెలుసు. కారు లేనిదే గడప దాటలేరు. కొడుకూ కోడలూ పొద్దున్నే ఎవరి ల్యాప్‌టాప్ ముందు వాళ్లు. మనవడు బడి నుంచి వచ్చి ఇంగ్లీషులో ఏదో అంటాడు, ఈవిడ తెలుగులో ఏదో అంటారు. తెనాలిలో పొద్దున లేస్తే పాలవాడితో, పక్కింటావిడతో, గుళ్లో పూజారితో మాట్లాడే మనిషి అక్కడ గోడల్ని చూస్తూ ఆరు నెలలు ఉంటే ఎవరికైనా ఏడుపు వస్తుంది. ఆ బాధ కొడుకుకి చేరాలా వద్దా, ఎప్పుడు, ఏ మాటల్లో అన్నది ఆవిడ ఇష్టం. మీ వారికి కూడా ఎంతవరకు చెప్పాలో అంతే చెప్పండి, ఇర్వింగ్ ఫ్రిస్కోల మధ్య మనవాళ్ల మాటలు ఎంత త్వరగా తిరుగుతాయో తెలిసిందే కదా. ఇద్దరూ కలిసి తీసుకున్న ఫొటో ఉంటే స్టేటస్‌లో పెట్టకండి.

మీరు చెయ్యగలిగిన మేలు వేరే ఉంది. ఆవిడ మళ్లీ ఫ్రిస్కో వస్తే, మీరు వెళ్లి తీసుకొచ్చి ఒక పూట మీ ఇంట్లో ఉంచుకోండి. లేదా శనివారం కార్యసిద్ధి హనుమాన్ గుడికి రమ్మనండి, ఫ్రిస్కోలో కొడుకుకి అది దగ్గరే, దింపడానికి బద్ధకించడు. కొడుకుతో చెప్పి ఒప్పించేదాని కన్నా ఆ మూడు గంటలు ఆవిడకి ఎక్కువ పనికొస్తాయి.

జగిత్యాల తమ్ముడి నంబరు మీ దగ్గర లేదు. ఫేస్‌బుక్‌లో వెతకొద్దు. అతను వెళ్లొస్తానని చెప్పకపోవడం గురించి మీరు నొచ్చుకున్నట్టున్నారు. మూడేళ్ల కూతురు గేటు అవతల నిలబడి ఉంటే ఏ తండ్రి కన్నూ వెనక్కి తిరగదు. ఆ పిల్ల అతన్ని గుర్తుపట్టిందో, కొత్తమనిషని తల్లి కొంగు వెనక దాక్కుందో. గల్ఫ్ నుంచి వచ్చేవాళ్ల పిల్లలు మొదటి రెండు రోజులు దగ్గరికి రారు, ఫోన్లో నాన్న కావాలని ఏడుస్తారు. అతనికి అప్పుడు ఇంకేమీ కనిపించదు. ఒకవేళ ఆ పెద్దావిడ అతని నంబరు తీసుకుని ఉంటే, మీ తరఫున కూడా ఒక మాట చెప్పమనండి చాలు.

తిరుగు ప్రయాణంలో నోరు కుట్టేసుకుని కూర్చోవడం మీ వల్ల కాదు, ఉత్తరం చదివితేనే తెలుస్తోంది. అవసరం కూడా లేదు. షికాగోలో రోజూ రైల్లో ఆఫీసుకి వెళ్లేవాళ్ల మీద నికొలస్ ఎప్లీ, జూలియానా ష్రోడర్ అనే ఇద్దరు పరిశోధకులు చేసిన ప్రయోగం 2014లో వచ్చింది. కొందరిని పక్కవాళ్లతో మాట్లాడమన్నారు, కొందరిని ఒంటరిగా కూర్చోమన్నారు. ఇంకొందరిని ఊరికే ఊహించి చెప్పమంటే, మాట్లాడితే ప్రయాణం అంత హాయిగా ఉండదన్నారు. తీరా చూస్తే మాట్లాడినవాళ్లకే ప్రయాణం హాయిగా గడిచింది. "ఏ ఊరమ్మా?" అని పలకరించే మనకి ఇది ఎవరూ పరీక్ష పెట్టి చెప్పక్కర్లేదు. కానీ డాలస్‌లో ఏళ్ల తరబడి ఉంటే ఆ అలవాటు తప్పిపోతుంది, తెలుగు మొహం కనిపించినా ఫోన్లోకి తల దించుకుంటాం.

ఆ ప్రశ్న గురించే కొంచెం చెప్పాలి. "ఏ ఊరు?" అన్నది ఎంత మంచి ప్రశ్నో, దాని వెంట వచ్చే రెండో ప్రశ్న అంత చెడ్డది. ఊరు చెప్పగానే ఇంటిపేరు అడుగుతారు. ఇంటిపేరుతో తేలకపోతే "మీరేమిట్లు?" అంటారు. జవాబు వినగానే కొందరి మొహం విప్పారుతుంది, కొందరిది ముడుచుకుంటుంది. నాలుగు గంటలు ఒకే గిన్నెలో జీడిపప్పు తింటూ కూర్చున్నవాళ్లు ఆ ఒక్క ప్రశ్నతో చెరో కిటికీ చూస్తారు. మీరు ఆ ప్రశ్న వెయ్యకండి, ఎవరైనా వేస్తే "మాది ఖమ్మమండీ, అంతే" అని ఊరుకోండి. మళ్లీ అడిగితే అప్పుడు బాబుకి నీళ్లు తాగించే పని పెట్టుకోండి. జీతం, గ్రీన్ కార్డు ప్రయారిటీ డేటు, "రెండోవాళ్లు ఎప్పుడు?" అన్నవి కూడా అంతే. ఈ మూడోది మీకు ఎంత గుచ్చుకుంటుందో మీకే తెలుసు, అవతలివాళ్లకి కూడా అలాంటిదేదో ఉండొచ్చు.

మాట కలపడానికి చిన్న సాయం కన్నా తేలికైన దారి లేదు. బెల్టు పెట్టుకోవడం తెలియక తడుముకునేవాళ్లు, ఎదురుగా ఉన్న స్క్రీన్‌ని ఎలా ఆన్ చెయ్యాలో తెలియనివాళ్లు, ట్రేలో వచ్చింది శాకాహారమో కాదో అర్థంకాక చేతులు ముడుచుకు కూర్చునేవాళ్లు ఆ విమానంలో తప్పకుండా ఉంటారు. మొదటిసారి పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులు. వాళ్లకి డాలస్‌లో దిగగానే ఇమిగ్రేషన్ దగ్గర గుండె దడ మొదలవుతుంది. ఎందుకొచ్చారు, ఎవరింట్లో ఉంటారు, ఎన్నాళ్లుంటారు అని ఆఫీసర్ అడిగేవి చాలావరకు ఇవే. కొడుకు చిరునామా, తిరుగు టికెట్ కాగితం చేతిసంచిలో పైన పెట్టుకోమని విమానంలోనే చెప్పండి. పై అరలోని పెద్ద బ్యాగులో పెడితే అప్పుడు దొరకవు. చెవుల్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కళ్లు మూసుకున్నవాళ్లని మాత్రం వదిలెయ్యండి. మీకు విశ్రాంతి కావాలన్నా అదే పద్ధతి, ఎవరూ తప్పు పట్టరు.

జాగ్రత్త ఒక్కచోట గట్టిగా చెబుతాను. శంషాబాద్‌లో చెక్-ఇన్ దగ్గర "మాది బరువు ఎక్కువైందమ్మా, ఈ పొట్లం నీ బ్యాగులో వేసుకో, దోహాలో తీసుకుంటాను" అని ఎవరైనా అంటే తీసుకోకండి. పెద్దవాళ్లైనా సరే, ఏడ్చినా సరే. 2019లో ముంబై దంపతులు దోహా విమానాశ్రయంలో పట్టుబడ్డారు. దగ్గరి బంధువు ఇచ్చిన పొట్లంలో నాలుగు కిలోల పైన హషీష్ దొరికింది, లోపల ఏముందో వాళ్లకి తెలియదు. ఆ అమ్మాయి అప్పటికి గర్భవతి. పదేళ్ల శిక్ష పడింది, జైల్లోనే కాన్పయింది. నిర్దోషులని తేలి 2021లో గానీ ఇంటికి రాలేదు. ఇచ్చింది బంధువే. పోలీసులు చూసేది బ్యాగు ఎవరిదన్నదే. "బ్యాగు మోయడానికి సాయం చేస్తానండీ, నా బ్యాగులో మాత్రం పెట్టుకోను" అని నవ్వుతూనే చెప్పండి. మాంసం పచ్చళ్లైతే డాలస్‌లో కస్టమ్స్ వాళ్లు రానివ్వరు, ఎవరివైనా మీరే జవాబు చెప్పాలి. ఒంటరిగా ప్రయాణం చేసే ఆడపిల్ల కాబట్టి ఇంటి చిరునామా, మీ వారు ఇంట్లో ఉండే వేళలు కూడా కబుర్లలో జారనివ్వకండి. నంబరు ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి, ఇవ్వాలని లేకపోతే వాళ్లది తీసుకుని మీది ఇవ్వకండి.

ఇక తెనాలి. ఖమ్మం నుంచి విజయవాడ మీదుగా రైల్లో సుమారు మూడు గంటలు. ఫిబ్రవరి రెండో వారం దాకా సమయం ఉంది కాబట్టి, ఫోన్లో ఆవిడ "రా తల్లీ" అంటే మొహమాటానికి అన్నారేమో అనుకోకుండా ఒక రోజు వెళ్లి రండి. ఉదయం బండికి వెళ్లి సాయంత్రం బండికి వచ్చెయ్యొచ్చు. ఇందాక చెప్పిన చిక్కు ఇక్కడే ఉంది. బాబుతో ఒక్కదానివే ఎందుకు, నేనూ వస్తాను అని మీ అమ్మ బయల్దేరతారు. ఇద్దరు పెద్దవాళ్లు ఒక గదిలో కూర్చుంటే ఆవిడ ఓదార్పుగా ఏదో ఒక మాట అనేస్తారు, పాపం అమ్మకి తెలుసనుకుని. మీ అమ్మ ఆ సంగతి వేరేవాళ్ల ఇంట్లో, కాఫీ గ్లాసు చేతిలో పట్టుకుని వినకూడదు. అమ్మని తీసుకెళ్లేట్టయితే ముందు మీరు చెప్పండి. చెప్పడం ఇప్పుడప్పుడే కాదనుకుంటే అన్నయ్యతో వెళ్లండి.

ఫోన్ మధ్యాహ్నం మూడింటికి చెయ్యండి. భోజనమైపోయి, పని సద్దుమణిగి, ఆ వయసువాళ్లు మంచం మీద ఊరికే ఒరిగి ఉండే వేళ అది. తెలియని నంబరు చూసి ఎత్తకపోతే ఐదు నిమిషాలాగి మళ్లీ చెయ్యండి. "ఎవరూ?" అంటారు. పేరు చెబితే ఆవిడకి గుర్తు రాకపోవచ్చు, అన్ని గంటలు మాట్లాడుకున్నవాళ్లు కూడా చాలాసార్లు పేర్లు చెప్పుకోరు, అమ్మా అంటే అమ్మా అనుకుంటూ గడిపేస్తారు. "మీరు సున్నుండ చిదిపి పెట్టారు కదా, వాడి అమ్మనండీ" అనండి. అని ఫోన్ బాబుకి ఇవ్వండి.